సమాధి మీద బలిపీఠం

రోమ్ చూడటానికి వెళ్లినవారిలో చాలామంది వాటికన్‌లోని పునీత పేతురు మహాదేవాలయంలో అడుగు పెట్టగానే తల పైకెత్తుతారు. నేల నుంచి సిలువ కొస దాకా సుమారు 136 మీటర్ల గుమ్మటం, దాని కింద మెలికలు తిరిగిన కంచు స్తంభాలతో శిల్పి బెర్నీని నిలబెట్టిన మండపం, తైలవర్ణ చిత్రాలనుకుని దగ్గరికి వెళితే రంగు గాజు ముక్కలు పొదిగినవని తేలే బొమ్మలు. మెడ పట్టేసేదాకా పైకి చూసి, ఫొటోలు తీసుకుని, గుంపుతోపాటు బయటపడతారు. అక్కడ అసలు విషయం పాదాల కింద ఉంది. కంచు మండపం నీడలో మామూలుగా పోపు మాత్రమే పూజ చేసే బలిపీఠం ఒకటి కనిపిస్తుంది. అది 1594 నాటిది. దాని లోపల 12వ శతాబ్దపు బలిపీఠం, దాని లోపల ఇంకా పాతది, వాటికి అడుగున కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించిన పాలరాతి కట్టడం, అన్నిటికీ కింద ఒక రోమన్ శ్మశానంలోని మట్టి గుంట.

క్యాథలిక్ చరిత్రనూ ఆచారాలనూ అర్థం చేసుకోవాలనుకునేవారికి ఈ నిట్టనిలువు వరుస చాలా దూరం పనికొస్తుంది. ముందు ఒక మనిషి దేహం. దాని మీద బల్ల. బల్ల మీద కప్పు. కప్పు చుట్టూ ఊరు. చూసేవాళ్లు ఈ వరుసను తిరగేసి, కప్పుతోనూ బంగారంతోనూ మొదలుపెడతారు. అందుకే ఎన్నో క్యాథలిక్ పుణ్యస్థలాలు వారికి మ్యూజియంలుగా మిగిలిపోతాయి.

శ్మశానాన్ని పూడ్చిన చక్రవర్తి

క్రీ.శ. 64లో రోమ్ తగలబడింది. నింద తన మీద పడకుండా నీరో చక్రవర్తి క్రైస్తవులను పట్టించి చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ హింసాకాలంలోనే యేసు శిష్యుల్లో పెద్దవాడైన పేతురు వాటికన్ గుట్ట దగ్గర ప్రాణాలు విడిచాడని సంప్రదాయం. గుట్ట పక్కన రథాల పందేల మైదానం ఉండేది. అక్కడ నిలిచిన ఈజిప్టు ఏకశిలా స్తంభాన్నే 1586లో తరలించి ఇప్పుడున్న చౌకులో నిలబెట్టారు. పేతురు చావును చూసిన రాయి అంటూ ఒకటి మిగిలి ఉంటే అది ఇదే. దాన్ని ఈజిప్టు వింతగా రెండు మాటల్లో చెప్పి, అందరినీ లోపలికి తోలుకుపోవడం ఆనవాయితీ అయిపోయింది.

313లో క్రైస్తవానికి చట్టబద్ధత వచ్చింది. తరవాత కొన్నేళ్లకు కాన్‌స్టంటైన్ ఆ గుట్ట మీద పెద్ద చర్చి కట్టించడానికి పూనుకున్నాడు. కట్టడానికి అంతకన్నా తగని చోటు ఉండదు. ఏటవాలు నేల, దాని నిండా ఇంకా వాడుకలో ఉన్న శ్మశానం. సమాధులకు చట్టం రక్షణ ఇచ్చే దేశంలో, కలిగిన కుటుంబాల సమాధి గృహాల పైకప్పులు తీయించి, లోపల మట్టి పోయించి, గుట్టను ఒకవైపు తొలిపించి చదును చేయించాడు. ఇంత తంటా పడ్డాడంటే ఆయనకు కావలసింది చర్చి కట్టడానికి వీలైన చోటు కాదనీ, ఆ ఒక్క చోటేననీ తేలిపోతుంది.

1940లలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, పోపు 12వ పయస్ అనుమతితో నేల కింద తవ్వకాలు జరిగాయి. పూడ్చిన సమాధి గృహాల వీధి బయటపడింది. బలిపీఠానికి సూటిగా కింద, క్రీ.శ. 160 ప్రాంతపు చిన్న స్మారకం ఒకటి దొరికింది. 200 ప్రాంతంలో గైయస్ అనే రోమన్ క్రైస్తవుడు వాటికన్ మీద పేతురు స్మారకం ఉందని రాసిన మాటకు అది సరిపోయింది. పేతురు సమాధి దొరికిందని 1950లో పోపు ప్రకటించారు. ఎముకల సంగతి మరింత చిక్కు. పక్కనే ఉన్న, గీతల రాతలతో నిండిన గోడలోని గూటి నుంచి వచ్చినవని చెప్పే ఎముకలను చాలా ఏళ్ల తరవాత పరిశీలించారు. నమ్మదగిన రీతిలో వాటిని గుర్తించగలిగామని 1968లో పోపు 6వ పాల్ ఆచితూచి అన్నారు.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. రెండో శతాబ్దం నాటికే రోమ్ క్రైస్తవులు ఈ చోటును పేతురు సమాధిగా గుర్తుపెట్టుకున్నారా? అవును, పురావస్తు ఆధారం గట్టిగానే ఉంది. ఆ ఎముకలు ఆయనవేనా? దానికి శాస్త్రం దగ్గర రుజువు లేదు, విశ్వాసం ఆ రుజువు కోసం ఆగలేదు. క్యాథలిక్ పుణ్యస్థలాల్లో సగానికి సగం ఈ రెండు ప్రశ్నల నడుమనే నిలబడి ఉంటాయి. ఎగతాళి చేసేవారూ గుడ్డిగా నమ్మేవారూ రెంటినీ ఒకటి చేసేస్తారు.

ఒక చిన్న సవరణ కూడా అవసరం. ఇంత చరిత్ర ఉన్నా పేతురు దేవాలయం రోమ్ కథెడ్రల్ కాదు. కథెడ్రల్ అంటే పెద్ద చర్చి అని అర్థం కాదు. బిషప్పు ఆసనం ఉన్న చర్చి అని. పోపు మొదట రోమ్ బిషప్పు. ఆయన ఆసనం నగరానికి మరో వైపున ఉన్న లాటెరన్ దేవాలయంలో ఉంది. బసిలికా అనేది వేరే సంగతి. అది ఒక చర్చి ప్రాముఖ్యాన్ని బట్టి ఇచ్చే గౌరవ హోదా.

ఎముకల విలువ

ప్రాచీన రోమన్లు శవాలను ఊరి పొలిమేర దాటించేవారు. అది ఆచారమే కాదు, చట్టం. చచ్చినవారి చోటు వేరు, బతికినవారి చోటు వేరు. క్రైస్తవులు ఈ గీతను చెరిపేశారు. రెండో శతాబ్దం నడుమ, నేటి టర్కీలోని స్ముర్నాలో వృద్ధ బిషప్పు పోలికార్పును చంపి దహనం చేసినప్పుడు, అక్కడి క్రైస్తవులు ఆయన ఎముకలను ఏరుకుని, రత్నాలకన్నా విలువైనవిగా దాచుకున్నారనీ, ఏటా ఆ రోజున అక్కడ చేరాలని నిశ్చయించుకున్నారనీ వారే రాసిన లేఖ చెబుతోంది. ఆ రోజుకు వారు పెట్టిన పేరు పుట్టినరోజు. ఇప్పటికీ పునీతుల పండుగలు చాలావరకు వారు చనిపోయిన తేదీన, లేదా దాని దగ్గర్లో వస్తాయి. భూమ్మీద పుట్టిన రోజును కూడా పండుగగా జరుపుకునేది యేసుకు, మరియమాతకు, బాప్తిస్మమిచ్చే యోహానుకు మాత్రమే.

దీని వెనక ఒక తర్కం ఉంది. దేహం ఆత్మకు చెర అని నమ్మే మతానికి ఎముకలతో పని ఉండదు. క్యాథలిక్ విశ్వాసం దేహమే తిరిగి లేస్తుందని చెబుతుంది. దేవుడే దేహం ధరించాడని చెబుతుంది. కాబట్టి నీరు, నూనె, రొట్టె, ద్రాక్షరసం, ఎముక, వస్త్రం వంటి ముట్టుకోదగిన వస్తువుల గుండా కృప వస్తుందనడం దానికి వింత కాదు. జ్ఞానస్నానం వంటి ఏడు దివ్యసంస్కారాల్లో కంటికి కనిపించే గుర్తు లేనిది ఒక్కటీ లేదు.

787లో జరిగిన బిషప్పుల రెండో నీకేయా మహాసభ, వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి, అవశేషాలు లేకుండా చర్చిని ప్రతిష్ఠించరాదని నియమం పెట్టింది. నేటి శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టం అంత కచ్చితంగా లేకపోయినా, స్థిరమైన బలిపీఠం కింద అవశేషాలు ఉంచే ఆచారాన్ని కొనసాగించమంటుంది. అందువల్ల ఏదో ఊళ్లో సాదాసీదా చర్చిలో కూర్చున్న సందర్శకుడికి, ఎదురుగా ఉన్న రాతి బల్ల కింద ఎప్పుడో చనిపోయిన ఒక పునీతుడి ఎముక తునక ఉండవచ్చునన్న ఊహే రాదు. 2019 అగ్నిప్రమాదం తరవాత పారిస్ నోట్రెడామ్ తిరిగి తెరుచుకున్నప్పుడు ఇది ప్రపంచమంతా చూసింది. 2024 డిసెంబరు 8న కొత్త కంచు బలిపీఠంలో అవశేషాలు ఉంచి మూశారు. ఆర్చిబిషప్పు పరిమళ తైలాన్ని దాని మీద పోసి, అరచేతులతో బల్లంతా పామారు. జ్ఞానస్నానం పొందిన మనిషి తలకు పూసేదీ ఈ తైలమే. బల్లకు కూడా మనిషికి చేసినట్టే చేస్తారు.

అవశేషాలతో వచ్చిన తలనొప్పులు కూడా తక్కువేమీ కాదు. ఫ్రాన్సు రాజు 9వ లూయీ 1239లో ముళ్ల కిరీటాన్ని తెప్పించుకున్నాడు. దానికి చెల్లించిన సొమ్ము, దాన్ని ఉంచడానికి పారిస్‌లో కట్టించిన సెయింట్ షపెల్ ఖర్చుకు మూడింతలు దాటిందని లెక్క. కట్టడం కన్నా అందులో పెట్టిన వస్తువు ఖరీదు! అంత గిరాకీ ఉన్న చోట నకిలీలు పుట్టకుండా ఉంటాయా? చర్చిల్లో ఉన్న అవశేషాలన్నీ పోగేస్తే ఒక్కో అపొస్తలుడికి, అంటే యేసు తొలి శిష్యుడికి, ఒకటికి మించి దేహాలు తేలతాయని 1543లో ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ ఎద్దేవా చేశాడు. ఆ ఎద్దేవాలో అతిశయోక్తి ఉంది గాని అబద్ధం లేదు. శ్రీసభకూ అది తెలుసు. పవిత్ర అవశేషాల అమ్మకాన్ని నిషేధించింది. చాలా వస్తువుల నిజానిజాల మీద నోరు మెదపదు. ట్యూరిన్ వస్త్రం 1260-1390 మధ్య కాలానిదని 1988 కార్బన్ పరీక్ష చెప్పింది. అది యేసు దేహాన్ని చుట్టిన బట్టేనని గాని, కాదని గాని అధికారికంగా తీర్పు చెప్పకుండా, ధ్యానానికి ఒక చిత్రంగా చూపిస్తున్నారు. తప్పించుకోవడంలా కనిపించే ఈ ధోరణి నిజానికి పాత జాగ్రత్త.

ఈ ఆచారం మధ్యయుగాలతో ఆగిపోయిందనుకుంటే అసీసీ వెళ్లాలి. అక్కడ అద్దం వెనక జీన్సు ప్యాంటు, స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న కుర్రవాడు పడుకుని ఉంటాడు. 15 ఏళ్లకు 2006లో లుకేమియాతో చనిపోయి, 2025 సెప్టెంబరులో పునీతుడిగా ప్రకటితుడైన కార్లో అకూతిస్. అదే ఊళ్లో పునీత ఫ్రాన్సిస్ సమాధి ఉంది. దొంగల భయంతో అప్పట్లో దాన్ని ఎంత లోతుగా దాచారంటే, 1818 దాకా ఆయన దేహం ఎక్కడుందో ఎవరికీ కచ్చితంగా తెలియలేదు.

ఎర్రదీపం ఎక్కడుంది?

క్యాథలిక్ చర్చిలోకి వెళ్లినప్పుడు మొదట వెతకవలసింది విగ్రహం కాదు, ఒక చిన్న దీపం. సాధారణంగా ఎర్రటి గాజులో, బలిపీఠం వెనకో పక్క మందిరంలోనో వెలుగుతూ ఉంటుంది. దాని దగ్గర తాళం వేసిన చిన్న లోహపు పెట్టె ఉంటుంది. అదే మందసం. దివ్యపూజలో ప్రతిష్ఠించిన అప్పాలు అందులో ఉంటాయి. ఆ అప్పంలో క్రీస్తు నిజంగా ఉన్నాడని క్యాథలిక్కుల విశ్వాసం. గుర్తుగా కాదు, నిజంగా. దీపం వెలుగుతోందంటే ఆయన ఇక్కడ ఉన్నాడని అర్థం. లోపలికి వచ్చేవారు తీర్థంలో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుని, కుడి మోకాలు నేలకు ఆనించి లేచేది ఆ పెట్టె వైపు తిరిగే. పక్కన నిలువెత్తు మరియమాత విగ్రహం ఉన్నా మోకాలు ఆనేది పెట్టెకే. ఆరాధన వేరు, గౌరవం వేరు అని 787 మహాసభ గీసిన గీతను పామరుల మోకాలు ఇన్ని శతాబ్దాలుగా గుర్తుపెట్టుకుంది.

దీన్నిబట్టే సందర్శకుడి మర్యాద కూడా తేలుతుంది. పూజ జరుగుతున్నప్పుడు వెనక బెంచీలో కూర్చోవచ్చు. అందరూ లేచినప్పుడు లేవవచ్చు. మోకరించనక్కర లేదు. అప్పం అందుకోవడానికి వరుసలో నిలబడటం మాత్రం క్యాథలిక్కులు కానివారికి తగదు. అక్కడ పంచేది ప్రసాదం పొట్లం వంటిది కాదు, ఆ విశ్వాసానికి అవునని పలికే జవాబు. పూజ చేసే గురువు అప్పం చూపి క్రీస్తు శరీరం అంటాడు, తీసుకునేవాడు ఆమెన్ అంటాడు. ఆ ఒక్క మాట మనస్ఫూర్తిగా అనలేనివాడు కూర్చుని ఉంటేనే అందరికీ గౌరవం.

చుట్టూ ఉన్న మిగతా వస్తువులు చరిత్ర పొరల్లా విప్పుకుంటాయి. విగ్రహాల చేతుల్లోని వస్తువులు, చదువురాని కాలంలో పేరు పలకలు. పేతురుకు తాళంచెవులు, పౌలుకు కత్తి, లారెన్సుకు ఇనుప పొయ్యి, అలెగ్జాండ్రియా కేథరిన్‌కు చక్రం. పేతురును పక్కన పెడితే, మిగతావారిని ఎలా హింసించారో అదే గుర్తు. బర్తలోమయి చేతిలో వేలాడుతున్నది వస్త్రం కాదు, ఒలిచిన ఆయన చర్మమే. పాపసంకీర్తనం చేసే, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే, చెక్క గూడు, మధ్యలో జల్లెడ కిటికీ, 16వ శతాబ్దపు ఏర్పాటు. మిలాన్ ఆర్చిబిషప్పు చార్లెస్ బొరొమేయో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు.

ఆ శతాబ్దంలోనే పేతురు సమాధి మీది చర్చి ఒక పెద్ద చీలికకు కారణాల్లో ఒకటైంది. పాత చర్చిని పడగొట్టి కొత్తదానికి 1506లో పునాది వేశారు. డబ్బు చాలలేదు. ఇండల్జెన్స్ అనే పాపశిక్ష మినహాయింపులు ఇస్తూ విరాళాలు పోగేశారు. జర్మనీలో అది బాహాటంగా బేరమైపోయింది. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదాలతో ఎదురుతిరిగాడు. చర్చి ప్రతిష్ఠ 1626లో జరిగేనాటికి పశ్చిమ క్రైస్తవం రెండుగా చీలి వందేళ్లు దాటింది. 1545 నుంచి 1563 దాకా జరిగిన ట్రెంట్ మహాసభ ఇల్లు చక్కదిద్దుకునే పని చేపట్టింది. రోమ్‌లోని జేసూ చర్చిలో పక్క నడవలు లేకుండా ఒకే విశాలమైన శాల కట్టడం ఆ దిద్దుబాటు ఫలితమే. ప్రసంగం అందరికీ వినిపించాలి, బలిపీఠం అందరికీ కనిపించాలి. తరవాతి పెద్ద మార్పు 1962-65 నాటి రెండో వాటికన్ మహాసభతో వచ్చింది. పూజ లాటిన్ నుంచి జనం భాషల్లోకి దిగింది. గురువు ప్రజల వైపు తిరిగాడు. పాత చర్చిల్లో గోడకు ఆనిన బలిపీఠం ఒకటి, దాని ముందు విడిగా మరొకటి కనిపిస్తే, ఆ రెంటి నడుమ నాలుగడుగుల దూరంలో ఆ మహాసభ ఉన్నట్టే.

కాలానికీ రంగు ఉంది. గురువు వేసుకున్న వస్త్రం ఊదా రంగైతే క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమనకాలమో ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలమో. తెలుపు పండుగ, ఎరుపు వేదసాక్షుల రక్తం లేదా పవిత్రాత్మ అగ్ని, ఆకుపచ్చ మామూలు రోజులు. మార్చి 21న గాని ఆ తరవాత గాని వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. ఏడాదిలో కదిలే పండుగలు చాలావరకు దాని వెంట నడుస్తాయి.

నమ్మవలసినవి, నమ్మవచ్చునన్నవి

1858 ఫిబ్రవరి 11న, ఫ్రాన్సులోని లూర్దు ఊరి బయట, నది ఒడ్డున కట్టెపుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన 14 ఏళ్ల బెర్నదెత్ సుబిరూకు ఒక గుహ దగ్గర తెల్లని వస్త్రాల్లో ఉన్న స్త్రీ కనిపించింది. జూలై 16 వరకు 18 సార్లు కనిపించిందని ఆ అమ్మాయి చెప్పింది. ఫిబ్రవరి 25న చేతులతో బురద తవ్వి ఆ నీళ్లు తాగింది. చూస్తున్నవారికి పిచ్చి పట్టిందనిపించింది. ఆ బురదలోంచే ఊట పారింది. మార్చి 25న ఆ స్త్రీ తాను నిష్కళంకోద్భవినని చెప్పిందట. మరియమాత ఆదిపాపపు మచ్చ లేకుండా తన తల్లి గర్భంలో రూపొందిందన్నది దాని అర్థం. యేసు కన్యకు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. చదువుకున్నవారు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు. ఆ సిద్ధాంతాన్ని పోపు 9వ పయస్ అంతకు ముందే, 1854లో ప్రకటించారు. అక్షరం ముక్క సరిగా రాని మిల్లర్ కూతురి నోట ఆ మాట రావడం విచారణ చేసినవారిని కదిలించింది. 1862లో స్థానిక బిషప్పు దర్శనాలను గుర్తించాడు.

ఇక్కడ బయటివారికి సాధారణంగా తెలియని సంగతి ఒకటి ఉంది. లూర్దును నమ్మాలని ఏ క్యాథలిక్కునూ శ్రీసభ బలవంతపెట్టదు. విశ్వాస సత్యాలు అపొస్తలుల కాలంతో ముగిశాయనీ, ఆ తరవాతి దర్శనాలు కొత్తగా ఏమీ చేర్చవనీ దాని బోధ. బిషప్పు ఆమోదం అంటే, ఇందులో విశ్వాసానికి విరుద్ధమైనది లేదు, నమ్మదలచినవారు నిర్భయంగా నమ్మవచ్చు అని. 2024లో వాటికన్ ఇచ్చిన కొత్త నియమాలు ఇంకో అడుగు వెనక్కి వేశాయి. ఇకపై దర్శనాలు దైవికమేనని ప్రకటించడం మామూలు పద్ధతి కాదు, అభ్యంతరం లేదని చెప్పడంతో సరిపెడతారు. అద్భుతాల కోసం ఎగబడే సంస్థ అని పేరుపడ్డది, నిజానికి అద్భుతాల విషయంలో పిసినారి.

లూర్దు లెక్కలే సాక్ష్యం. 1883 నుంచి అక్కడ వైద్య కార్యాలయం ఉంది. స్వస్థత పొందామని వచ్చి నమోదు చేసుకున్నవారు ఏడు వేలు దాటారు. శ్రీసభ అద్భుతాలుగా గుర్తించినవి 2025 నాటికి 72. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నిర్ధారణ గట్టిదై ఉండాలి, నయం కావడం హఠాత్తుగా, పూర్తిగా, మళ్లీ తిరగబెట్టకుండా జరగాలి. ఈ కొలబద్దలకు మూలం 18వ శతాబ్దంలో, తరవాత పోపు 14వ బెనెడిక్ట్ అయిన లాంబెర్తీని రాసిన నియమాలు. వైద్యులు అద్భుతం అన్న మాట వాడరు. ఇప్పటి వైద్యజ్ఞానంతో వివరించలేమని మాత్రమే అంటారు. ఆ పైమాట అనవలసింది నయమైన మనిషి ఊరి బిషప్పు. ఇక బెర్నదెత్ సంగతి. ఉబ్బసంతోనూ క్షయతోనూ బాధపడి, 35 ఏళ్లకే 1879లో నెవేర్ మఠంలో కన్నుమూసింది. ఆమె తవ్విన ఊట ఆమెను కాపాడలేదు. 1933లో ఆమెకు పునీత పట్టం ఇచ్చినది దర్శనాలు చూసినందుకు కాదు, తరవాత బతికిన తీరుకు.

మెక్సికోలోని గ్వాదలూపేలో ఇంకో రకం దృశ్యం. 1531లో హువాన్ దియేగో అనే ఆదివాసి అంగీ మీద పడిందని నమ్మే మరియమాత చిత్రం బలిపీఠం వెనక గోడకు వేలాడుతుంది. జనం ఎంతగా వస్తారంటే, ఎవరూ అక్కడే నిలబడిపోకుండా చిత్రం కింద కదిలే నడకబాటలు బిగించారు. భక్తులు వాటి మీద నిలబడి, మెడ పైకెత్తి, దండం పెడుతూ జారిపోతుంటారు. పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమాత కిరీటంలో ఒక తూటా పొదిగి ఉంది. 1981 మే 13న పోపు 2వ జాన్ పాల్ మీద పేల్చిన తూటా అది. ఫాతిమాలో మొదటి దర్శనం జరిగిందని చెప్పేది 1917 మే 13న. తన ప్రాణం ఆ తల్లే కాపాడిందని ఆయన నమ్మారు.

నడక

దేహం ఉన్న చోటికి మనిషి వెళ్లాలి, అదీ వీలైతే కాలినడకన. స్పెయిన్ వాయవ్య మూలన సాంతియాగో దె కొంపొస్తెలాలో అపొస్తలుడు యాకోబు సమాధి దొరికిందన్న మాట 9వ శతాబ్దంలో పుట్టింది. పేతురు సమాధికి ఉన్నంత పాత ఆధారం దీనికి లేదు. అయినా యూరప్ దారులన్నీ దాని వైపు తిరిగాయి. ఫ్రాన్సు సరిహద్దు నుంచి ప్రధాన మార్గం సుమారు 780 కిలోమీటర్లు. యాత్ర పూర్తి చేసిన పత్రం కావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడవాలి. దారి పొడుగునా ఉన్న మజిలీల్లో ముద్రలు వేయించుకోవాలి. 2024లో ఆ పత్రం కోసం వచ్చినవారు ఐదు లక్షలకు కాస్త తక్కువ. వారిలో మతంతో పని లేనివారు చాలామందే ఉంటారు. చేరాక, అక్కడి కథెడ్రల్‌లో కొన్ని పూజల్లో ఒక పెద్ద ధూపపాత్ర తాడు మీద ఒక కొస నుంచి మరో కొసకు ఊగుతుంది. నెలల తరబడి స్నానం ఎరగని యాత్రికుల వాసనకు విరుగుడుగా పుట్టిందని అంటారు.

రోమ్ యాత్రకు గడువు ఉంటుంది. 1300లో పోపు 8వ బోనిఫేస్ మొదటి జూబిలీ, అంటే పుణ్యయాత్రా సంవత్సరం, ప్రకటించాడు. వందేళ్లకొకసారి అనుకున్నది క్రమంగా 25 ఏళ్లకు దిగింది. జూబిలీ సంవత్సరంలో రోమ్‌లోని పెద్ద బసిలికాల్లో పవిత్ర ద్వారం తెరుస్తారు. మిగతా కాలమంతా దాని వెనక ఇటుక గోడ ఉంటుంది. పూర్వం పోపు సుత్తితో గోడను తట్టి తెరిచేవాడు. 1974 క్రిస్మస్ ముందు రాత్రి పెచ్చులు ఊడి 6వ పాల్ పక్కనే పడ్డాయి. ఆ తరవాత గోడను ముందే విప్పి ఉంచడం నేర్చుకున్నారు. 2025 జూబిలీని తెరిచింది ఒక పోపు, మూసింది మరొకరు. ఏప్రిల్‌లో మరణించిన పోపు ఫ్రాన్సిస్‌ను వాటికన్ కింద కాక రోమ్‌లోని మరియమాత మహాదేవాలయంలో, పేరు తప్ప మరో మాట లేని సాదా రాయి కింద ఉంచారు. మరుసటి జనవరిలో ద్వారం మూసింది 14వ లియో.

యెరూషలేము వెళ్లలేనివారి కోసం ఫ్రాన్సిస్కన్ గురువులు యెరూషలేమునే చర్చిల్లోకి తెచ్చారు. చర్చి గోడల మీద వరుసగా కనిపించే, యేసు సిలువ మోసిన దారిని గుర్తుచేసే 14 సిలువమార్గ స్థలాలు అవే. ఆ సంఖ్య 1731లో స్థిరపడింది. వాటిలో వెరోనిక అనే స్త్రీ యేసు ముఖం తుడవడం వంటి కొన్ని ఘట్టాలు సువార్తల్లో లేవు. నడిచినవారి జ్ఞాపకంలోంచి వచ్చాయి. యెరూషలేములో ఆ గురువులు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నడిచే దారి కూడా మధ్యయుగాల్లో కుదిరినదే. రోమన్ అధికారి పిలాతు యేసుకు తీర్పు చెప్పిన చోటు నగరానికి ఇంకో పక్కన ఉండేదని ఇప్పటి పండితుల్లో చాలామంది అభిప్రాయం. దారి మారినా నడక ఆగలేదు.

ఆ దారి చివర, యేసు సమాధి మీద కట్టినదని నమ్మే పవిత్ర సమాధి దేవాలయం చూసినవారికి మొదట నిరాశ కలుగుతుంది. ఇరుకు, చీకటి, తోపులాట. కాన్‌స్టంటైన్ కట్టించిన చర్చికి 335లో ప్రతిష్ఠ జరిగింది. 1009లో ఖలీఫా అల్-హకీం నేలమట్టం చేయించాడు. ఇప్పుడున్న రూపం చాలావరకు 12వ శతాబ్దపు క్రూసేడర్లది. ఆరు క్రైస్తవ శాఖలు లోపలి చోటును పంచుకుంటాయి. ఎవరు ఏ మెట్టు ఊడ్చాలి, ఏ దీపం ఎవరిది అన్నది ఒట్టోమన్ సుల్తానులు 18, 19 శతాబ్దాల్లో ఖాయం చేసిన యథాతథ ఏర్పాటు ప్రకారమే. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన ఉంది. 18వ శతాబ్దపు చిత్రాల్లోనూ అది అక్కడే ఉంది. తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి కాబట్టి ఎవరూ తీయరు.

2016 అక్టోబరులో మరమ్మతుల కోసం సమాధి మీది పాలరాతి పలకను జరిపారు. దాని కింద మట్టీ రాళ్లూ, ఆ కింద సిలువ చెక్కిన ఇంకో విరిగిన పలక, ఆ కింద సున్నపురాతిలో తొలిచిన శవపు అరుగు. పలకల మధ్య గచ్చు నాలుగో శతాబ్దం నడిమిదని తరవాతి పరీక్షల్లో తేలింది. అంటే కాన్‌స్టంటైన్ కట్టించిన చర్చి తొలినాళ్ల పని. రోమ్‌లో, అసీసీలో, కొంపొస్తెలాలో రాయి ఎత్తితే ఎముకలు ఉన్నాయి. ఇక్కడ అరుగు ఖాళీగా ఉంది. ఉండాలి కూడా. ఏదైనా దొరికి ఉంటే మిగతా సమాధులకు అర్థం ఉండేది కాదు. అరవై గంటల్లో మళ్లీ మూసేశారు.

రోజూ రాత్రి ఆ చర్చి తలుపు మూస్తారు. తాళంచెవి జౌదే కుటుంబం దగ్గర ఉంటుంది. తాళం వేసేది నుసైబే కుటుంబం. రెండూ ముస్లిం కుటుంబాలు. తగాదా పడే క్రైస్తవుల్లో ఎవరికిచ్చినా రెండోవారు ఒప్పుకోరు కాబట్టి శతాబ్దాలుగా ఈ పని వారిదే. పై తాళం అందడానికి చిన్న నిచ్చెన వేసుకుని తాళం బిగించి, తలుపులోని చిన్న కంత గుండా ఆ నిచ్చెనను లోపలికి అందిస్తారు. రాత్రంతా కొందరు గురువులు తాళం వేసిన చర్చిలోనే ఉండిపోతారు. తెల్లవారుజామున అదే కంతలోంచి నిచ్చెన బయటికి వస్తుంది.